రెండో రిమోట్‌కు స్టార్ట్ బటన్ ఉండదు

మా ఇంట్ల టీవీ గేమ్ వచ్చింది 1998 దసరా సెలవులల్ల. అందరం బతుకమ్మ కోసం ఊర్లె ఉంటే మా బాపు హన్మకొండ చౌరస్తల కొని డబ్బ చంకల పెట్టుకోని బస్సుల వచ్చిండు. అండ్ల రెండు రిమోట్లు, ఒక తుపాకి, పసుపు రంగు క్యాసెట్ ఒకటి. క్యాసెట్ మీద 9999 గేములు అని రాసి ఉండె, లెక్కపెడితే పన్నెండు కూడ ఎల్లలేదు, మిగిలినయన్ని అవే మల్ల మల్ల. కంట్రోలర్ అనే మాట అప్పుడు మాకు తెల్వది, రిమోటే. ఇప్పటికి కూడ నా నోట్ల రిమోట్ అనే వస్తది, దోస్తులు నవ్వుతరు.

మొదటి రిమోట్ అక్కది, పెద్దది కాబట్టి. రెండోది నాది. నా దానికి సెలెక్ట్, స్టార్ట్ బటన్లు లేవు, మధ్యల బోడిగ ఉంటది. అంటే ఆట మొదలు పెట్టాలన్నా, నడుమ ఆపాలన్నా అక్క దయ. దూపైతుంది జర ఆపవే అంటే ఆపేది కాదు, నేను నీళ్లు తాగొచ్చే లోపల నా బొమ్మ సచ్చిపోయేది. నేను అది మా డబ్బ తయారు చేసినోడి పిసినారితనం అనుకున్న చాల ఏండ్లు. కాదట. 1983ల జపాన్‌ల నింటెండో కంపెనీ తెచ్చిన అసలు మిషన్, ఫ్యామికామ్‌కే అట్ల ఉండె, రెండో రిమోట్ల స్టార్ట్ సెలెక్ట్ తీసేసి దానికి బదులు ఒక చిన్న మైక్ పెట్టిన్రు. తర్వాత అమెరికాకు పంపిన దాంట్ల రెండు రిమోట్లూ ఒక్కతీరు చేసిన్రు గని, మన దాక వచ్చిన నకలు మిషన్లకు జపాన్ లెక్కనే నడిచింది. మైక్ ఎగిరిపోయింది, స్టార్ట్ లేకపోవుడు మాత్రం భద్రంగ వచ్చింది.

ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, కన్సోల్, అంటే టీవీకి పెట్టి ఆడే గేమ్ మిషన్, ఎందుకు హిట్ అయితది ఎందుకు ఫ్లాప్ అయితది అని మాట్లాడినప్పుడల్ల ఎవడో ఒకడు "కంట్రోలర్ మంచిగుంటే అదే అమ్ముడుపోతది" అంటడు, ఇంకొకడు "కంట్రోలర్‌ది ఏముందిరా, గేములుంటే చాలు" అంటడు, రెండు మాటలు కూడ నాకు సగం సగమే అనిపిస్తయ్. నా లెక్క ఏందంటే, కన్సోల్ కొనేటోడు కంట్రోలర్ చూసి కొనడు. గేములు చూస్తడు, ధర చూస్తడు, దోస్తుల ఇండ్లల్ల ఏముందో చూస్తడు. కంట్రోలర్ పని చేసేది పక్కన కూసున్న రెండో మనిషి మీద. కొనని మనిషి. చెల్లె, బాపు, పక్కింటి పోరడు, హాస్టల్ రూమ్మేటు. ఆ మనిషి చేతిల పెట్టంగనే మొదటి రెండు నిమిషాలల్ల ఏమైతదో దాన్ని బట్టే ఆ మిషన్ ఒక్క ఇంట్ల ఆగిపోతదా, ఆ గల్లి మొత్తం పాకుతదా అనేది తేలుతది.

ఈ లెక్క నాకు పుస్తకాలల్ల దొరకలే, మా చిన్న మామ గల్ల పెట్టె కాడ దొరికింది. 2005ల మామ నయీంనగర్‌ల ఒక మడిగె కిరాయికి తీస్కోని గేమ్ సెంటర్ పెట్టిండు. నాలుగు టీవీలు, నాలుగు ప్లేస్టేషన్ 2లు. చుట్టు అన్నీ ఇంటర్ కాలేజీలు హాస్టళ్లే కాబట్టి గిరాకీకి తక్వ లేకుండె. ఒక్కడు ఆడితే గంటకు పదిహేను, ఇద్దరు ఆడితే ఇరువై ఐదు. నేను ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగున్న, కౌంటర్ల కూసోబెట్టిండు. కంట్రోలర్‌ను అక్కడ ప్యాడ్ అనేటోళ్లు. మామ ఎప్పుడూ ఒక మాట అనేటోడు, "మిషన్ ఒక్కసారి కొంటం అల్లుడా, ప్యాడ్లు కూరగాయల లెక్క, వారం వారం కొనాలె." నిజంగనే కోఠి గుజరాతీ గల్లి నుంచి డూప్లికేట్ ప్యాడ్లు సంచిల తెచ్చేటోడు, నేను పాతవి ఇప్పి లోపల రబ్బరు స్పిరిట్‌తోని తుడిచి, కార్బన్ అరిగిపోతే పెన్సిల్ రుద్ది మల్ల ఫిట్ చేసేది. వైరు ఎప్పుడూ ఒక్క జాగలనే తెగుతది, ప్యాడ్‌లకెల్లి బయటికొచ్చే మొదట్ల, ఎందుకంటే ఓడిపోయినోడు కోపంతోని ప్యాడ్‌ను వైరు పట్టి గుంజుతడు.

మామకున్న అసలు తెలివి ఇంకొకటి. కొత్త పోరడు ఎవడన్న దోస్తు వెంబడి వస్తే, మంచి ప్యాడ్ వానికి ఇచ్చేది. రోజు వచ్చేటోనికి లూజు ప్యాడ్. రెగ్యులర్ గిరాకీ లొల్లి పెట్టేటోళ్లు, ఏందన్నా మాకు ఇట్లాంటివి ఇస్తవని. మామ నవ్వి ఊకునేటోడు. తర్వాత నాకు చెప్పిండు, రోజు వచ్చేటోడు ప్యాడ్ కరాబున్నా వస్తడు, వానికి అలవాటైంది, కొత్తోడు మాత్రం నొక్కితే బొమ్మ కదలకపోతే "నాకు రాదు పోరా" అని లేసి పోతడు, వాడు పోతే మనకు పది రూపాయలు పోతయ్, రేపు వాడు తెచ్చే ఇంకో ఇద్దరు కూడ పోతరు. ఈ ముక్క పెద్ద పెద్ద కంపెనీలకు ఒకోసారి తెల్వలేదు.

ఉదాహరణకు 1982ల అమెరికాల అటారి కంపెనీ తెచ్చిన 5200 మిషన్. దాని ముందటి 2600కు ఒక్క కట్టె, ఒక్క ఎర్ర బటన్ ఉండె, చూస్తేనే అర్థమైతది, మూడు కోట్ల దాక అమ్ముడుపోయింది. 5200కు ఏం చేసిన్రు, ఎంత వంచితే అంత కదిలే అనలాగ్ స్టిక్ అని పెట్టిన్రు, గని ఇడిసిపెడితే నడుమకు తిరిగి రాదు. ఎటు వంచితే అటే వంగి ఉంటది. పైనకెల్లి ఫోన్ లెక్క పన్నెండు బటన్ల కీప్యాడ్. ప్యాక్‌మ్యాన్ లాంటి ఆటల మూల మలుపు తిప్పాలంటే కొనుక్కున్నోడే తిట్టుకోవాలె, ఇగ పక్కోనికి ఏం ఇస్తడు. రెండేండ్లల్ల ఆపేసిన్రు. అప్పుడు అమెరికాల గేమ్ బజారే కూలిపోయింది కాబట్టి మొత్తం తప్పు ఆ కట్టె మీద ఎయ్యను, గని గేమ్ చరిత్ర రాసినోళ్లు 5200 గురించి రాస్తే మొదలు ఆ కట్టె గురించే రాస్తరు.

అదే ఏడు, అటు జపాన్‌ల గున్పే యోకొయి అనే ఆయన నింటెండో గేమ్ అండ్ వాచ్ అనే చేతిల పట్టుకోని ఆడే చిన్న మిషన్‌ల డాంకీ కాంగ్ ఆట కోసం ప్లస్ గుర్తు బటన్ పెట్టిండు. ఒక్క ప్లాస్టిక్ ముక్క, దాని కింద రబ్బరు, అంతే. బొటనవేలు ఒక్కటి చాలు, పడుకోని కూడ ఆడొచ్చు, చిన్న పోరల చేతులకు పడ్తది. నేను ఎన్నో ఇప్పి చూసిన, అండ్ల చెడిపోనీకె ఏమీ లేదు. మరుసటేడు ఫ్యామికామ్‌కు పెట్టిన్రు. జపాన్‌ది, అమెరికాకు పంపినది కలిపి 6 కోట్ల 19 లక్షలు అమ్ముడుపోయింది, మా ఇంట్ల దాని లాంటి నకళ్లు ఆ లెక్కల రావు. డబ్బలనే రెండు రిమోట్లు ఇచ్చుడు ఒక పెద్ద పని అని నా అభిప్రాయం. స్టార్ట్ లేకున్నా సరే, రెండోది ఉండె కదా, కొనుక్కోవాల్సిన పని లేకుండె.

ఇగ ఇక్కడ మీరు ఆపి అడుగుతరు, మరి నింటెండో వాళ్ల గేమ్‌క్యూబ్ సంగతేంది అని. అడగాలె. 2001ల వచ్చింది, కంట్రోలర్ ఏమన్న ఉండెనా, నడుమ పెద్ద పచ్చ బటన్, దాని చుట్టు చిన్నయి. కొత్తోనికి "పచ్చది నొక్కు" అంటే చాలు. నాలుగు ప్యాడ్లు పెట్టనీకె ముందటనే నాలుగు సాకెట్లు. ఇప్పటికి కూడ స్మాష్ బ్రదర్స్ అనే కొట్లాట గేమ్ ఆడేటోళ్లు ఆ ప్యాడ్ ఇడువలేదు, 2014ల తర్వాతి మిషన్ వీ యూ కోసం నింటెండోనే దానికి ప్రత్యేకంగ అడాప్టర్ చేసి అమ్మింది. గని మిషన్ అమ్ముడుపోయింది 2 కోట్ల 17 లక్షలే. అటు సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 2 ఏమో 15 కోట్లు దాటింది, అదీ 1997ల వచ్చిన డ్యుయల్‌షాక్ అనే రెండు స్టిక్కుల ప్యాడ్ ఆకారమే పెట్టుకోని.

నా లెక్క ప్రకారం చూస్తే గేమ్‌క్యూబ్ గెలవాలె, గెలవలే. ఒప్పుకుంట. రెండో మనిషి చేతిల ప్యాడ్ పెట్టాలంటే ముందు మిషన్ ఇంట్లకు రావాలె గద. ప్లేస్టేషన్ 2ల డీవీడీ నడుస్తది. గేమ్ కొనియ్యని బాపు కూడ సినిమాలు చూడొచ్చంటే కొనిచ్చిండు. గేమ్‌క్యూబ్‌ల డిస్కే చిన్నది, అండ్ల సినిమా పెట్టలేవ్. నింటెండో 64 కత కూడ ఇట్లనే, 1996లనే బొటనవేలుతోని తిప్పే స్టిక్ ఇచ్చింది, నాలుగు సాకెట్లు ఇచ్చింది, మూడు కొమ్ముల ప్యాడ్‌ను ఎట్ల పట్టుకోవాల్నో తెలిసేసరికి జర టైం పడ్తది అది వేరే సంగతి, గని దాన్ని కొట్టింది ప్యాడ్ కాదు, క్యాసెట్. సీడీలు అగ్గువ, అండ్ల జాగ ఎక్వ, గేములు చేసేటోళ్లందరు అటే ఉరికిన్రు. స్టిక్కే లేని ప్యాడ్‌తోని మొదలైన ప్లేస్టేషన్ 10 కోట్లు దాటింది, 64 మాత్రం 3 కోట్ల 29 లక్షల కాడ ఆగింది. అయితే ఆ స్టిక్కు చూసే కదా సోనీ తన ప్యాడ్‌కు రెండు పెట్టింది. కనిపెట్టినోడు ఒకడు, తిన్నోడు ఇంకొకడు.

క్వాలిటీ విషయంల అయితే ఇంకా అన్యాయం. ఇప్పుడు అందరు డ్రిఫ్ట్ డ్రిఫ్ట్ అంటున్నరు కదా, స్టిక్ ముట్టకున్నా బొమ్మ దానంతట అదే నడుసుకుంట పోవుడు. లోపల ఏముంటదంటే పాత రేడియో వాల్యూమ్ నాబ్ లాంటిదే, కార్బన్ పట్టి మీద చిన్న రేకు రుద్దుకుంటది, రుద్దంగ రుద్దంగ అరుగుతది. తాతల రేడియో వాల్యూమ్ తిప్పితే గరగర అనేది యాదికుందా, గదే రోగం. రుద్దుకోకుండ అయస్కాంతంతోని కొలిచే పద్ధతి కూడ ఉంది, హాల్ సెన్సర్ అంటరు, అది కొత్తగ కనిపెట్టింది కాదు, సెగా కంపెనీ 1996ల తన సాటర్న్ మిషన్ 3డీ ప్యాడ్‌ల పెట్టింది, 1998ల డ్రీమ్‌క్యాస్ట్ మిషన్‌ల పెట్టింది. డ్రీమ్‌క్యాస్ట్ ఎంత పోయింది? 91 లక్షలు, 2001ల బంద్. రుద్దుకునే స్టిక్ పెట్టిన నింటెండో స్విచ్ ఎంత పోయింది? 15 కోట్లు దాటింది. జాయ్‌కాన్లు అనే దాని రిమోట్ల డ్రిఫ్ట్ మీద అమెరికాల కేసులైనయ్, 2020ల నింటెండో ప్రెసిడెంటే క్షమించమన్నడు, అయినా మిషన్ అమ్ముడుపోవుడు ఆగలే. మంచి స్టిక్ పెట్టినోడు మునిగిండు, అరిగే స్టిక్ పెట్టినోడు తేలిండు.

ఎందుకు తేలిండంటే, నా మాటకే వస్త మల్ల, స్విచ్ డబ్బ ఇప్పితే అండ్ల జాయ్‌కాన్లు రెండుంటయ్. రెండు పక్కలకు ఊడదీసి, ఒకటి అడ్డంగ పట్టుకోని నువ్వాడు, ఒకటి నాకియ్యి, అయిపాయె. బస్సులున్నా, పెండ్లి ఇంట్ల మూలకున్నా, రెండో రిమోట్ మిషన్‌కే అతికి వచ్చింది. ఫ్యామికామ్ లెక్కనే. చిన్నగుంటది, పెద్దోళ్ల చేతులకు నొప్పి లేస్తది, అయినా సరే "రా ఆడుదాం" అననీకె అడ్డం ఏదీ లేదు.

నింటెండో వాళ్ల వీ అనే మిషన్ సంగతి చెప్పకుంటే కత పూర్తి కాదు. 2008 ఎండాకాలంల మా పెద్దమ్మ కొడుకు అమెరికా నుంచి వచ్చినప్పుడు ఒకటి తెచ్చిండు, హసన్‌పర్తిల అమ్మమ్మ ఇంట్ల పాత డబ్బ టీవీకి పెట్టినం. కంట్రోలర్ చూసి అమ్మమ్మ "ఇది టీవీ రిమోటే కదరా" అన్నది. మేము చిన్నప్పటి నుంచి కంట్రోలర్‌ను రిమోట్ అంటే నవ్విన్రు, చివరికి నింటెండో వాళ్లే దానికి వీ రిమోట్ అని పేరు పెట్టిన్రు, నాకు మస్తు సంబురమైంది. బౌలింగ్ ఆట పెట్టినం. కింద బటన్ వత్తి పట్టుకోని చెయ్యి ఎనుకకు తీస్కపోయి ముందుకు ఊపి బటన్ ఇడువాలె. అమ్మమ్మ మొదట రెండు సార్లు ఇడువలేదు. మూడోసారి ఇడిసింది, ఐదు పడ్డయ్. ఇగ అంతే, పోరల దిక్కు రిమోట్ ఇయ్యలే ఆ పొద్దంతా. చేతికి కట్టే తాడు ఉంటది దానికి, గాజుల మీదికెల్లి కట్టినం. ఆ తాడు కతొకటి ఉండె, మొదట్ల వచ్చిన తాళ్లు సన్నగుండి తెగి, రిమోట్లు పోయి టీవీలకు తాకుతున్నయని 2006 డిసెంబర్‌ల నింటెండో 32 లక్షల తాళ్లు మార్చిస్తమన్నది. అట్ల ఇసిరినోళ్లు ఎవరనుకుంటున్నరు, జన్మల గేమ్ ఆడనోళ్లే ఎక్వ ఉండి ఉంటరు. వీ 10 కోట్ల 16 లక్షలు పోయింది, బొమ్మల క్వాలిటీ చూస్తే ఎక్స్‌బాక్స్ 360, ప్లేస్టేషన్ 3 ముందు అది ఆనదు.

తర్వాత అదే కంపెనీ 2012ల వీ యూ తెచ్చింది. కంట్రోలర్‌కు 6.2 అంగుళాల స్క్రీన్ పెట్టింది, ధర పెరిగింది. అన్నిటికన్న పెద్ద తప్పు, ఆ స్క్రీన్ ప్యాడ్ ఇంటికి ఒక్కటే. ఒకడు స్క్రీన్ చూస్కుంట కూసుంటడు, మిగతావాళ్లు పాత వీ రిమోట్లు పట్టుకోని వాని మొఖం చూస్తరు. అమ్మమ్మ చేతిల పెడితే ఇది ఫోనా టీవీయా అనేది. 1 కోటి 35 లక్షల కాడ ఆగింది. పేరు కూడ దెబ్బ కొట్టింది, చాలమంది వీకి అది ఏదో సామాను అనుకున్నరు. గని నాకు మాత్రం అది స్టార్ట్ బటన్ కతనే, ఒక్కని దగ్గరే అన్నీ పెట్టి పక్కోనికి బోడి రిమోట్ ఇచ్చుడు.

మైక్రోసాఫ్ట్ ఇంకో దిక్కుకు పోయింది, రిమోటే లేకుంట చేద్దాం అని. వాళ్ల ఎక్స్‌బాక్స్‌కు మన కదలికలు చూసే కెమెరా, కైనెక్ట్, 2010ల వస్తే 60 రోజులల్ల 80 లక్షలు పోయినయ్, గిన్నిస్ రికార్డు. రెండో మనిషికి ఇంతకన్న సులువు ఏముంటది, చేతులు ఊపు చాలు. గని ఇద్దరు ఆడాలంటే టీవీకి ఎనిమిది ఫీట్ల దూరం నిలవడాలె. అప్పటి మా కిరాయి ఇంటి హాలు పొడుగే పది ఫీట్లు, అండ్ల దివాన్, కూలర్, బియ్యం బస్తాలు. అది చాలదన్నట్టు 2013ల ఎక్స్‌బాక్స్ వన్‌తోని కైనెక్ట్ తప్పకుండ కొనాలె అని కలిపి 499 డాలర్లు పెట్టిన్రు, ప్లేస్టేషన్ 4 ఏమో 399. ఏడు నెలలు తిరగక ముందే 2014 జూన్‌ల కైనెక్ట్ తీసేసి వాళ్లు కూడ 399కి దిగిన్రు, అప్పటికే బండి పోయింది. కంట్రోలర్ వల్ల ధర పెరిగితే మొదటి మనిషే దుకాణంలకెల్లి ఎనుకకు తిరుగుతడు, రెండో మనిషి మాటే రాదు.

మన దిక్కు ఇంకొకటి పని చేసింది, చేతుల అలవాటు. 2005ల సోనీ వాళ్లు ప్లేస్టేషన్ 3కి అరటిపండు లెక్క వంకర ప్యాడ్ చూపించిన్రు, జనం నవ్విన్రు, మిషన్ వచ్చేసరికి పాత ఆకారమే పెట్టిన్రు. మంచి పని చేసిన్రు. ఎందుకంటే నయీంనగర్‌ల ఏం జరిగిందో నేను చూసిన, మామ 2010ల ఒక ప్లేస్టేషన్ 3 తెచ్చి పెడితే ఒక్కనికి కూడ నేర్పాల్సిన పని పడలే. చేతులు వాటంతట అవే పట్టుకున్నయ్. పక్క టీవీల మీద ప్లేస్టేషన్ 2లు కూడ పోలే, ఎందుకంటే 2006 చివర్ల వచ్చిన ఈఏ క్రికెట్ 07 పీసీకి, ప్లేస్టేషన్ 2కే ఉండె, కుడి స్టిక్‌తోని షాట్ కొట్టుడు అండ్ల. కొత్త మిషన్ ఎంత గొప్పదైతేంది, అండ్ల ఆ క్రికెట్ లేదు. కుడి స్టిక్కులు అరిగి అరిగి నేను మార్చినయ్ ఒక గోనెసంచి నిండుతయ్.

మామ సెంటర్ 2014ల మూసిండు. ప్యాడ్ల వల్ల కాదు, ఫోన్ల వల్ల. ఇప్పటి పోరలకు కంట్రోలర్ అంటే అద్దం. బొటనవేళ్లు రెండు, ఇంకా ముదిరినోడైతే నాలుగు వేళ్లతోని పంజా లెక్క పట్టుకోని ఆడుతడు. ఆ అద్దం అందరి జేబుల ఉంది, రెండోదాన్ని కొనాల్సిన అవసరమే లేదు, రెండో మనిషి తనది తాను తెచ్చుకుంటడు. 2020 సెప్టెంబర్‌ల పబ్జీ బ్యాన్ చేస్తే మా గల్లిల పోరలు తెల్లారే ఇంకోటి ఎక్కించుకున్నరు, చేతులు అవే కదా. మన దేశంల కన్సోళ్లు ఇండ్లల్లకు ఎక్వ పోకపోవడానికి ధర ఒక కారణమైతే, ఈ ఉచిత రిమోట్ ఇంకో కారణం అని నాకు గట్టిగ అనిపిస్తది. కంపెనీలు ఇయ్యాళ డబ్బల ఒక్కటే ప్యాడ్ పెడుతున్నయ్, సోనీ అయినా మైక్రోసాఫ్ట్ అయినా, రెండోది కొనాలంటే ఐదారు వేలు. రెండు రిమోట్లు డబ్బలనే ఇచ్చిన కాలం నుంచి ఇక్కడికొచ్చినం. మామ వింటే గల్ల పెట్టె మీద చెయ్యి కొట్టుకుంటడు.

మొన్న దసరాకు కరీంనగర్‌ల అక్క వాళ్లింటికి పోయిన. మా మేనల్లునికి పదమూడేండ్లు, కొత్త కన్సోల్ కొనిచ్చిన్రు. ఇద్దరం ఆడుదాం అంటే ప్యాడ్ ఒక్కటే. నా బ్యాగుల పాత తరం ప్యాడ్ ఉండె, కలిపి చూసిన, లైటు ఎలిగింది గని కొత్త గేమ్ దాన్ని ఒప్పుకోలే. సరే తలా ఒక ఆట అనుకున్నం. బతుకమ్మ ఆడొచ్చి అక్క కూడ వచ్చి కూసున్నది, "ఇయ్యిరా నేను చూస్త" అని గుంజుకున్నది. అటు ఇటు తిప్పి చూసింది, బటన్లు లెక్కపెట్టింది.

"తమ్మీ, దీనికి స్టార్ట్ ఏడుంది?"

ఇప్పుడు స్టార్ట్ అని రాయరు, కుడి దిక్కు పైన సన్న బటన్ కాడ మూడు గీతలు ఉంటయ్. చూపించలే నేను. దూపైతుందే, నీళ్లు తాగొస్త అని లేసిన.